రత్తమ్మ లేచి నిలబడిన రోజు

ఈ ఉదయం షెడ్డులో మొదటి ట్రే ముందుకు లాక్కుని, చిన్న రసం మామిడికాయ ఒకటి తీసి తొడిమ దగ్గర ముచ్చిక విరిచాను. చిటుక్కున చప్పుడయింది, సొన చిమ్మింది, ఆ ఘాటైన వాసన ముక్కుకు తగిలింది. కిరసనాయిలుకూ పచ్చి పులుపుకూ మధ్య ఎక్కడో ఉండే వాసన అది. మా నూజివీడు వైపు పుట్టినవాళ్ళకు దాని గురించి చెప్పనక్కర్లేదు, మిగతావాళ్ళకు ఎంత చెప్పినా అందదు. ఆ వాసన తగలగానే ఎడమ మణికట్టు మీద చింతగింజంత మచ్చ దగ్గరికి నా చెయ్యి దానంతటదే పోతుంది. మచ్చ తడుముకోగానే రత్తమ్మ గుర్తొస్తుంది. అప్పుడు నాకు అందరికీ వచ్చినట్టు దుఃఖం రాదు, ముందు అసూయ వస్తుంది. పోయిన మనిషి మీద కాదు, ఆమెను నాకంటే ఎక్కువగా పొందిన వాళ్ళ మీద. హైదరాబాదులో ఒక ఆరంతస్తుల అపార్ట్‌మెంటు ఉంది. అందులో ఉండే ఆడవాళ్ళంటే నాకు ఇప్పటికీ కుళ్ళు. ఈ మాట మా ఆయనతో అంటే నవ్వుతారు. మీరు నవ్వినా ఫరవాలేదు, చెప్పేది మాత్రం చివరిదాకా వినండి.

రత్తమ్మ అసలు పేరు నాగరత్నం. ఆ సంగతి నాకు నలభై దాటాక తెలిసింది, అది కూడా వేరేవాళ్ళ నోట. మా ఇంట్లో ఆమె రత్తి. తాతయ్యకు రత్తి, నాన్నకు రత్తి. నాకు కాస్త మర్యాద నేర్పారు గనుక నాకు రత్తమ్మ. మా తోట ఆగిరిపల్లికి దగ్గర్లోనే, రోడ్డు దిగి నాలుగడుగులు వేస్తే వచ్చేస్తుంది. కోతల రోజుల్లో పాతికమంది దాకా పనిచేసేవాళ్ళు. మగవాళ్ళు చిక్కాలతో కాయ కోసి తెచ్చి షెడ్డులో కుప్ప పోస్తే, ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని ఏరేవాళ్ళు. ఏ కాయ లారీ ఎక్కాలి, ఏది ఊరగాయకు పోవాలి, ఏది ఇంట్లో వరిగడ్డి పరిచి మాగవేయాలి అన్నది చెప్పేది మాత్రం రత్తమ్మే. గడ్డిలో పెట్టిన కాయ ఎన్నో రోజుకు పండవుతుందో ఆమె చెబితే ఆ రోజుకు అయి తీరేది. ఎండాకాలం అంతా మా ఇల్లు ఆమె మాట మీద నడిచేది. అంతటి మనిషిని రత్తి అని పిలవడంలో తేడా ఏమీ మా ఎవ్వరి చెవికీ తగల్లేదు.

నాకు పదేళ్ళప్పుడు, వేసవి సెలవుల్లో, షెడ్డులో ఆమె పక్కన చేరాను. అమ్మ ఎన్నిసార్లు పిలిచినా ఇంట్లోకి వెళ్ళేదాన్ని కాదు. ఒకరోజు నా రెండు చేతుల్లో రెండు కాయలు పెట్టింది.

"కళ్ళు మూసుకోండి అమ్మాయిగారూ."

"ఎందుకు?"

"కళ్ళు తెరిస్తే రంగు చూసి మోసపోతారు. మూసుకుని చెప్పండి, ఏది ముదురు?"

కుడిచేతిలోది అన్నాను, బరువుగా ఉంది గనుక. ఆమె నవ్వి, నా బొటనవేలు పట్టుకుని కాయ తల మీద తిప్పింది. "బరువు కాదండి. ఇదిగో, ముచ్చిక పక్కన భుజం ఎట్టా ఉబ్బిందో తడమండి. భుజం పైకొచ్చి, ముచ్చిక గుంటలోకి దిగితే కాయ ముదిరినట్టు. ఈ రెండోదానికి భుజమే లేదు, పసిది." ఆ వేసవంతా కళ్ళు మూసుకుని కాయలు తడిమాను. తర్వాతి రెండు వేసవులూ అంతే. ఇవాళ నా తోట గురించి మైలవరం వ్యాపారులు గౌరవంగా మాట్లాడతారంటే, ఫలానా ఆవిడ కాయ పచ్చిది పంపదు అంటారంటే, అది ఆ బొటనవేలి చలవే. మా నాన్న నాకు తోట ఇచ్చాడు. తోటను పట్టుకోవడం ఎలాగో నేర్పింది రత్తమ్మ.

ఒక్క విషయం అప్పుడే గమనించాను గానీ, దాన్ని తప్పుగా అర్థం చేసుకున్నాను. పక్కన కూర్చున్న పనిపిల్లలు కాయ తప్పుగా ఏరితే రత్తమ్మ ఊరుకునేది కాదు. నెత్తి మీద ఒక్కటి మొట్టి, నోటికొచ్చినట్టు తిట్టి, వెంటనే తన సద్దిలోంచి ఇంత ముద్ద పెట్టేది. నేను తప్పు చేస్తే మాత్రం "పర్లేదండి, మీకేం అవసరం" అని తనే సరిచేసేది. నన్ను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. నేనంటే ఆమెకు ప్రత్యేకమైన ప్రేమ అనుకుని ఆ పిల్లల ముందు మురిసిపోయేదాన్ని. మధ్యాహ్నం అమ్మ మజ్జిగ పంపేది. పెరటి గోడ మీద రత్తమ్మకని ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉండేది. అందులో పైనుంచి పోస్తే తాగి, కడిగి, మళ్ళీ గోడ మీదే బోర్లించేది. ఆ గ్లాసును నేను ముప్పై ఐదేళ్ళు చూశాను. చూశానంటే కళ్ళకు కనిపించింది, అంతే.

పెళ్ళయ్యాక కూడా నేను ఊళ్ళోనే ఉండిపోయాను. నాన్నకు మోకాళ్ళు నొప్పులు మొదలయ్యాక తోట నా చేతికి వచ్చింది. రత్తమ్మ నాకు కుడిభుజం. కాయ కొనడానికి ఎవరొచ్చినా "మా రత్తమ్మను అడగండి" అనేదాన్ని, ఆ "మా" అన్న మాటను కాస్త నొక్కి. అలాంటి రోజుల్లో ఒక మే నెలలో హైదరాబాదు నుంచి స్వప్న అనే అమ్మాయి కారు వేసుకుని వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి, ఏదో కంపెనీలో ఉద్యోగం. మందు పెట్టి పండించిన పళ్ళు తినీ తినీ విసిగిపోయామని, వాళ్ళ అపార్ట్‌మెంటు అందరికీ కలిపి నేరుగా తోటలోనే కొనుక్కుంటామని అంది. షెడ్డులో రత్తమ్మ గడ్డి పరిచి కాయలు పేర్చడం చూస్తూ రెండు గంటలు నిలబడిపోయింది. వెళ్ళబోయే ముందు నన్ను పక్కకు పిలిచి అడిగింది. పచ్చికాయ, గడ్డి రెండూ తీసుకెళ్తాం, మా సెల్లారులో మాగవేయడానికి ఆవిడ ఓ ఇరవై రోజులు వస్తారా అని.

నాన్న వాకిట్లో పడక్కుర్చీలోంచే గట్టిగా నవ్వాడు. "పట్నమా? పక్క ఫ్లాటులో మనిషి పోతే నాలుగు రోజులకు గానీ తెలియదంట వాళ్ళకి. మంచినీళ్ళు అడిగితే మొహం చూసి తలుపేస్తారు. రత్తీ, నువ్వక్కడ ఒక్కరోజు ఉండలేవే." నాన్న హైదరాబాదు వెళ్ళింది మొత్తం రెండుసార్లు. రెండోసారి ఎవరో దారి తప్పు చెప్పారని ఆ నగరం మొత్తాన్నీ జీవితాంతం క్షమించలేదు. నేనూ ఆయన కూతుర్నే. రత్తమ్మ అనుమతి కోసం నా మొహంలోకి చూసింది. "వెళ్ళు, వారం తిరక్కుండా నువ్వే పరిగెత్తుకొస్తావు" అన్నాను. కోతలు చివరికొచ్చాక వెళ్ళింది. వారం తిరిగింది, రెండు వారాలు తిరిగాయి. ఇరవై రోజులకు కొత్త చీర కట్టుకుని, ఒళ్ళు చేసి వచ్చింది.

ఇక మొదలయ్యాయి కబుర్లు. పొద్దున నడకకు వెళ్తూ ఒకావిడ సెల్లారులోకి తొంగి చూసి కాఫీ తెచ్చిందట. సాయంత్రమయ్యేసరికి కాయలు పండాయో లేదో చూసే వంకతో అందరూ దిగి వచ్చి గడ్డి చుట్టూ కూర్చునేవారట. ఒకే గోడకు అటూ ఇటూ ఎనిమిదేళ్ళుగా ఉంటున్న ఇద్దరు ఆడవాళ్ళు ఆ గడ్డి దగ్గరే మొదటిసారి పేర్లు చెప్పుకున్నారట. "మీ నాన్నగారు చెప్పింది అబద్ధం కాదండి అమ్మాయిగారూ," అంది రత్తమ్మ, "తలుపులేసుకునే ఉంటారు. కానీ తడితే తీస్తారండి. ఎవురూ తట్టరంతే." షెడ్డులో ఆడవాళ్ళంతా నోళ్ళు తెరుచుకుని వింటున్నారు. నేను ట్రేలు లెక్క చూసుకుంటున్నట్టు నటించాను.

ప్రతి ఏడూ అదే వరస. జూన్ రాగానే వెళ్ళడం, జులైలో రావడం. మధ్యలో ఫోన్లు. ముచ్చిక విరుస్తూనే ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని నవ్వేది, అవతలివాళ్ళకు ఆవకాయ పాళ్ళు చెప్పేది. ఫోను పెట్టాక కూడా ఆ నవ్వు కాసేపు మొహం మీద ఉండేది. నేనేదైనా అడిగితే "ఆ, ఏంటండి" అని వెంటనే సర్దుకునేది. ఆ సర్దుకోవడం చూస్తే నాకు ఒళ్ళు మండేది. వాళ్ళేం చేశారని ఇంత? ఇరవై రోజుల చుట్టరికం! పొలం తెలియదు, కాయ తెలియదు, ముచ్చిక అంటే ఏమిటో తెలియదు. నేను పదేళ్ళ పిల్లనప్పటి నుంచి ఆమె పక్కన కూర్చున్నాను. కొలిస్తే నా వైపు ఎంత, వాళ్ళ వైపు ఎంత? మా ఆయన ఒకసారి విసుక్కున్నారు కూడా, "సవతిని చూసినట్టు చూస్తావేంటి ఆ ఫోన్ని" అని.

ఐదో ఏడు బయల్దేరే ముందు రత్తమ్మ షెడ్డు గుమ్మంలో ఆగి, కొంగు వేలికి చుట్టుకుంటూ అంది. "ఈసారి ఉండిపొమ్మంటున్నారండి. మేడ మీద గది ఉందంట. పచ్చళ్ళు పెట్టుకుంటా, పిల్లల్ని చూసుకుంటా ఉండమంటున్నారు. ఏమంటారు అమ్మాయిగారూ?"

వద్దు అంటే చాలు. నువ్వు లేకపోతే నాకు చెయ్యి విరిగినట్టుంటుంది అంటే చాలు. నేను మొహం చిట్లించి "నీ ఇష్టం, నన్నడుగుతావేంటి" అన్నాను. అలా అంటే బతిమాలుతుందనుకున్నాను. ఆమె తలూపి వెళ్ళిపోయింది. జులై వచ్చింది, వానలు పడ్డాయి, రత్తమ్మ రాలేదు. ఆగస్టు కూడా సగమయింది. ఊళ్ళో ఉన్న కొడుకు శీనుని అడిగితే "అక్కడ బాగుందంటండి" అన్నాడు. ఇక నాకు కాలూ చెయ్యీ ఆడలేదు. వాళ్ళు ఆమెను చాకిరీకి పెట్టుకున్నారని, పైపై తీపి మాటలకు ఈ అమాయకురాలు పడిపోయిందని నాకు నేనే నమ్మకం కలిగించుకున్నాను. వెళ్ళి, కళ్ళారా చూసి, చెయ్యి పట్టుకుని తీసుకురావాలని బస్సెక్కాను.

ఆ ప్రయాణంలో నాకు కావలసిందల్లా ఒక్క మొరటు మనిషి. ఒక్కడు విసుక్కుంటే చాలు, నాన్న మాట నిజమని ఇంటికొచ్చి చెప్పుకోవచ్చు. ఆటో అతను సందు దొరక్క మూడుసార్లు వెనక్కి తిప్పాడు, ఒక్కమాట అనలేదు. మందుల షాపాయన కౌంటరు వదిలి రోడ్డు మీదికి వచ్చి మరీ వేలు పెట్టి చూపించాడు. అపార్ట్‌మెంటు గేటు దగ్గర స్వప్న వాళ్ళ ఇల్లు ఎక్కడని అడగగానే ఎవరో పెద్దావిడ నా చేతిలో సంచీ అందుకుని, "రత్నంగారి కోసమా? నాగరత్నంగారి ఊరివాళ్ళా మీరు?" అని లిఫ్టులో పైదాకా తీసుకెళ్ళింది. అప్పుడే నాకు ఆ పేరు తెలిసింది. ఎవరి గురించి అంటోందో అర్థం కావడానికి రెండు అంతస్తులు పట్టింది. మనిషి మంచిదైతే మనకు సంతోషం కలగాలి. నాకు మాత్రం ఒక్కో మంచితనం ఎదురయ్యేకొద్దీ ఉక్రోషం పెరిగింది.

స్వప్న వాళ్ళ తలుపు తెరిచే ఉంది. హాల్లో ఐదారుగురు ఆడవాళ్ళు. సోఫాలో, కాళ్ళు పైకి మడుచుకుని, ఒళ్ళో ఉప్మా పళ్ళెం పెట్టుకుని రత్తమ్మ. నేను గుమ్మంలో ఉన్నది ఇంకా ఎవరూ చూడలేదు. ఆమె స్వప్నను తిడుతోంది. "ఒసేయ్ పిచ్చిమొహమా, ఆ మాగాయ ముక్కల మీద తడి చెయ్యి పెట్టొద్దని నీకెన్నిసార్లు చెప్పాలే? బూజు పట్టి చచ్చుద్ది. చదువుకున్నావంట చదువు!" స్వప్న పగలబడి నవ్వుతూ "తప్పయిపోయింది పిన్నీ" అంటోంది. ఆ గొంతు నేను ఎరిగిందే. చిన్నప్పుడు షెడ్డులో పనిపిల్లల్ని మొట్టి ముద్ద పెట్టిన గొంతు అది. నా వైపు ఎన్నడూ తిరగని గొంతు. అప్పుడు ఆమె తలెత్తి నన్ను చూసింది.

చూసి, లేచి నిలబడింది.

పళ్ళెం పక్కన పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, కొంగు భుజం చుట్టూ లాక్కుంది. "అమ్మాయిగారూ, మీరేంటండి ఇట్టా వచ్చారు" అంది. గొంతు మారిపోయింది. మా ఇంటి గొంతు అయిపోయింది. గదిలో వాళ్ళకు ఏం జరిగిందో అర్థం కాలేదు. "పిన్నీ, ఎందుకు లేచావు, తిను" అంది స్వప్న. రత్తమ్మ కూర్చోలేదు. నన్ను కూర్చోబెట్టారు, ఆమె లేచిన చోటే. నేను కూర్చున్నాక ఆమె కింద, నేల మీద, సోఫా కాలి పక్కన కూర్చుంది. నేనే నోరు తెరిచాను. "రత్తమ్మ మా మనిషండి. మా ఇంట్లో మనిషి కిందే లెక్క." ఒకావిడ ఎంతో ఇష్టంగా, తెలుసుకుందామని అడిగింది, "ఓ, అక్కడ మీ ఇంట్లోనే ఉంటారా?" కాదన్నాను. "మరి వాళ్ళ ఇల్లు ఎలా ఉంటుందండి? ఎప్పుడూ చెప్తుంటారు, గుమ్మం ముందు కనకాంబరాల మడి ఉందని." నేను రత్తమ్మ వైపు చూశాను. ఆమె ఇల్లు మా తోట గట్టు దాటితే మూడు వందల అడుగులు ఉంటుందేమో. నేను ఒక్కసారీ వెళ్ళలేదు. కనకాంబరాలు ఉన్నాయో లేవో నాకు తెలియదు.

బయల్దేరే ముందు బాల్కనీలో స్వప్న నాతో కాసేపు మాట్లాడింది. నా మొహంలో ఏం కనిపించిందో మరి, ఓదార్చడానికే చెప్పింది. "మేమేదో గొప్పవాళ్ళమని అనుకోకండి. మొదటి ఏడు పిన్నికి నేను టీ ఇచ్చింది పనమ్మాయి కప్పులోనే. వేరేగా ఉంచుతాం కదా, అలా. తాగి, కడిగి, బాల్కనీ అంతా వెతుకుతోంది. ఏంటని అడిగితే, 'ఇక్కడ గోడ ఎక్కడుందమ్మా, బోర్లించడానికి' అంది. నాకు అర్థం కాలేదు. తర్వాత విడమరిచి చెప్పించుకున్నాను. ఆ రోజే వేరే కప్పులు తీసేశాం, పనమ్మాయిది కూడా." ఆ గోడ ఎవరిదో ఆ అమ్మాయికి తెలుసు. నాకూ తెలుసు. మా ఊళ్ళో ఏ ఒక్కరితోనూ అనని మాట రత్తమ్మ ఇక్కడ అనగలిగింది. నాకు సిగ్గేసింది, నిజమే. కానీ దాచడం ఎందుకు, ఆ సిగ్గులో కూడా సగం అసూయే. ఆ మాట నాతో ఎందుకు అనలేదు?

రత్తమ్మను ఊరికి రమ్మని నేను అడగలేదు. గేటు దాకా వచ్చి సాగనంపింది. ఇంటికి రాగానే పెరటి గోడ మీద గ్లాసు తీసి వంటింట్లో మిగతా గ్లాసుల్లో కలిపేశాను. ఏప్రిల్ మొదటివారంలో, కాయ కోతకు వస్తుండగా, ఏమీ జరగనట్టు రత్తమ్మ షెడ్డులోకి వచ్చి గడ్డి దులపడం మొదలుపెట్టింది. "ఉండిపోలేదే?" అన్నాను. "కాయ ఇక్కడుంది కదండీ" అంది. నా కోసం వచ్చిందో కాయ కోసం వచ్చిందో తేల్చుకోవాలని ఎంతో అనిపించింది, అడగలేకపోయాను. మా గ్లాసుల్లోనే మజ్జిగ ఇచ్చాను. తాగి, కడిగి, తీసుకెళ్ళి గోడ మీద బోర్లించింది. ఆమె కోసం షెడ్డులో కుర్చీ వేయించాను. దాని మీద తువ్వాలు ఆరేసుకుంది. చెయ్యవలసిన పని ముప్పై ఏళ్ళు ఆలస్యంగా చేస్తే ఇలాగే ఉంటుంది కాబోలు.

చివరికి కుర్చీ సంగతి వదిలేసి నేనే గడ్డి మీద ఆమె పక్కన కూర్చున్నాను. కాస్త ఇబ్బందిగా జరిగి చోటిచ్చింది. రెండు మూడు రోజులకు అలవాటు పడింది. ఆ వారంలోనే ఒకనాడు ఏదో మాటల ధ్యాసలో కాయను నా మొహం వైపు పెట్టుకుని ముచ్చిక విరిచాను. సొన కంటికి అంగుళం పక్కగా చిమ్మి మణికట్టు మీద పడింది. "ఒసేయ్ పిచ్చిమొహమా!" అని అరిచింది రత్తమ్మ. "మొహానికేసి ఇరుస్తారటే? కన్ను పోయేది! ఎన్నేళ్ళొచ్చాయే నీకు?" నా చెయ్యి గుంజుకుని తన కొంగుతో గట్టిగా తుడిచింది. షెడ్డులో ఆడవాళ్ళంతా ఏరడం ఆపి మా వైపు చూశారు. అప్పుడు తెలిసింది ఆమెకు తను ఏమందో. నాలుక కరుచుకుని లేవబోయింది. నేను భుజం పట్టుకుని కూర్చోబెట్టాను. "ఇంకోసారి తిట్టు" అన్నాను. ఆమె నా వైపు వింతగా చూసి, "ఊరుకోండి అమ్మాయిగారూ" అని నవ్వేసింది. మళ్ళీ ఎన్నడూ తిట్టలేదు. సొనకు చర్మం కాలి పడ్డ ఆ మచ్చకు రాయమని డాక్టరు ఇచ్చిన మందు నేను రాయలేదు.

రెండేళ్ళ క్రితం వానాకాలంలో జ్వరమని పడుకున్న రత్తమ్మ లేవలేదు. పదకొండో రోజున, పెద్దకర్మకు, గట్టు దాటి వాళ్ళింటికి వెళ్ళాను. మూడు వందల అడుగులు కూడా లేదు, రెండు వందల అరవై. గుమ్మం ముందు కనకాంబరాలు ఉన్నాయి. హైదరాబాదు నుంచి వ్యాను మాట్లాడుకుని తొమ్మిదిమంది ఆడవాళ్ళు వచ్చారు. వాకిట్లో పరిచిన చాపల మీద రత్తమ్మ చెల్లెళ్ళు, కోడలు, చుట్టాల మధ్య భుజాలు రాసుకుని కూర్చుని ఉన్నారు. స్వప్న ఒళ్ళో రత్తమ్మ మనవరాలు నిద్రపోతోంది. నన్ను చూడగానే శీను లోపలికి పరిగెత్తి ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, తువ్వాలుతో తుడిచి వేశాడు. "కూర్చోండమ్మగారూ." అంతమందిలో నాకొక్కదానికే కుర్చీ. వద్దన్నాను. చెప్పులు విడిచి వెళ్ళి చాప మీద కూర్చున్నాను. నేను కూర్చోగానే రత్తమ్మ చెల్లెళ్ళు లేచారు. కోడలు లేచింది. ఒక్కొక్కరే చుట్టాలంతా లేచి గోడ పక్కకు సర్దుకున్నారు. చాప మీద నేనూ, హైదరాబాదు ఆడవాళ్ళూ మిగిలాం.

స్వప్న జరిగి నా పక్కకు వచ్చింది. "మీ గురించి ఎప్పుడూ చెప్పేది పిన్ని" అంది మెల్లిగా. "మా అమ్మాయిగారి చెయ్యి లాంటి చెయ్యి ఆ చుట్టుపక్కల ఎవరికీ లేదు, నా కడుపున పుట్టినవాళ్ళకైనా నేను అంత నేర్పలేదు అనేది." నేను తల దించుకుని ఏడ్చాను. నన్ను చూసి ఆ ఆడవాళ్ళూ ఏడ్చారు. ఓదార్పుగా ఉండాల్సిన మాటే. కానీ ఏడుస్తూ కూడా నేను అనుకున్నది ఒక్కటే. ఆ మాట కూడా వాళ్ళకే చెప్పింది.

నగరాల్లో మనుషులకు మనసుండదని ఎవరైనా అంటే నేనిప్పుడు ఒప్పుకోను. ఉంటుంది. మనకంటే వాళ్ళు పుట్టుకతో మంచివాళ్ళేమీ కారు, తప్పు చూపిస్తే దిద్దుకున్నారు, అంతే. ఆ మాత్రం చేసినందుకే మా రత్తమ్మను నా నుంచి పట్టుకుపోయారు. జూన్‌లో స్వప్న ఫోను చేస్తుంది, కాయ పంపిస్తాను, బాగా మాట్లాడతాను. ఫోను పెట్టేశాక కడుపులో ఆ పాత మంట అలాగే ఉంటుంది.

సీజనులో ఇప్పుడు నేను అందరికంటే ముందే షెడ్డుకు వస్తాను. వచ్చి గడ్డి మీద కూర్చుంటాను. నేను తర్వాత వస్తే పనివాళ్ళు లేస్తారు, ముందే కూర్చుని ఉంటే వాళ్ళకు లేవాల్సిన పని ఉండదు. కొత్తగా వచ్చిన పిల్లల కళ్ళు మూయించి, బొటనవేలు పట్టుకుని కాయ భుజం మీద తిప్పుతాను. తప్పు చేస్తే తిడతాను, మొడతాను, వాళ్ళు నవ్వుతారు. అప్పుడప్పుడూ, ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు కాదు, అందరూ చూస్తున్నప్పుడే, కాయను నా మొహం వైపు తిప్పుకుని ముచ్చిక విరుస్తాను. సొన చిమ్ముతుంది. ఎవరూ ఏమీ అనరు.